కొత్త మాస్టారికి ఓ గంట

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు 1787లో మద్రాసులో ఓడ దిగాడు. రెండేళ్ళకు, ఎగ్మూరులో కంపెనీ సిపాయిల అనాథ మగపిల్లల కోసం తెరిచిన ఆశ్రమ పాఠశాల ఆయన చేతికొచ్చింది. ఆ పిల్లల్లో చాలామంది దొర సిపాయిలకు ఇక్కడి ఆడవాళ్ళకు పుట్టినవాళ్ళు. పంతుళ్ళు ఉన్నారు గానీ వాళ్ళతో ఆయనకు పొసగలేదు. ఒక పొద్దున గుర్రం మీద వెళ్తుంటే దారిలో ఒక వీధి బడి కనిపించింది. పిల్లలు నేల మీద కూర్చుని, ఎదురుగా పరిచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. పలకా బలపం అక్కర్లేదు, కాగితం అసలే అక్కర్లేదు. తప్పు పోతే అరచేత్తో చదును చేసి మళ్ళీ మొదలుపెట్టడమే.

బెల్ బడికి తిరిగొచ్చి, చిన్న తరగతి పంతులుతో మనమూ ఇలాగే ఇసుకలో దిద్దిద్దామన్నాడు. కుదరదన్నాడు పంతులు. నిన్న ట్రైనింగులో విన్నది రేపటి నుంచి చెయ్యాలంటే ఇవాళ్టి టీచర్లు మొహం ఎలా పెడతారో ఆయనా అలాగే పెట్టి ఉంటాడు. బెల్ వాదన పెట్టుకోలేదు. జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ సిపాయి కొడుకును పిలిచి ఆ తరగతి వాడికి అప్పగించాడు. పంతులు చెయ్యలేనన్నది పిల్లవాడు చేసి చూపించాడు. తర్వాత ఒక్కో తరగతీ ఇలాగే పెద్దపిల్లల చేతిలోకి పోయింది. 1796లో బెల్ ఇంటిదారి పట్టాడు. మరుసటి ఏడాది లండన్‌లో ఈ ప్రయోగం మీద చిన్న పుస్తకం వేశాడు. అక్కడ దీనికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది.

ఇసుక సంగతి ఇక్కడ చూసి నేర్చుకున్నదేనని బెల్ ఒప్పుకున్నాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించడం మాత్రం తన బుర్రలో పుట్టిందన్నాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ లెక్క వేరు. 1816లో తెలుగు వ్యాకరణం రాసి అచ్చువేసిన క్యాంప్‌బెల్ ఈయనే. గవర్నరు మన్రో ఊరూరా బడులెన్నో తేల్చమంటే, 1823లో తన జిల్లా లెక్క పంపాడు: మొత్తం 533 బడులు, వాటిలో తెలుగువి 226, కన్నడంవి 235. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్ళకు చెప్పడం, చెప్తూ తమ చదువు గట్టిపరుచుకోవడం ఇక్కడి బడుల్లో ఉన్న మంచి పద్ధతని, ఇంగ్లండు దాన్ని అనుకరించడం తగినదేనని ఆ నివేదికలో రాశాడు. నాకు క్యాంప్‌బెల్ మాట మీదే నమ్మకం. అరుగు మీది బడిలో పంతులుగారు ఒక్కరే, పిల్లలు నానా వయసులవాళ్ళు. పెద్దవాడు చిన్నవాడి చెయ్యి పట్టుకుని దిద్దించకపోతే ఆ బడి ఒక పూట కూడా నడవదు.

కొత్త టీచరుకు చేయూత అన్న విషయం చెప్పబోతూ ఎగ్మూరు దాకా పోవడానికి కారణముంది. చెప్పడం ఎలాగో చెప్తూనే నేర్చుకోవాలి అన్న ఆలోచన ఆధునిక బడి వ్యవస్థలోకి వచ్చింది ఈ దారినే. దానితోపాటే ఒక లోపమూ వచ్చింది. చెప్పేవాడు ఎలా చెప్తున్నాడో పక్కనుండి చూసేదెవరు? బెల్‌కు పోటీగా లండన్‌లోని బరో రోడ్డులో బడి పెట్టిన జోసెఫ్ లాంకస్టర్, ఒక్క మాస్టారు వెయ్యిమందికి చదువు చెప్పించగలడన్నాడు. చెప్పించవచ్చేమో, చూడడం మాత్రం ఆయన వల్ల కాదు. మానిటర్లనే పెద్దపిల్లలు వల్లెవేయించారు, చిన్నపిల్లలు వల్లెవేశారు. ఖర్చు తక్కువన్న మాట దాతలకు బాగా నచ్చింది.

ఈ లోపాన్ని పట్టుకున్నవాడు జేమ్స్ కే, తర్వాతి పేరు కే షటిల్‌వర్త్. స్వతహాగా డాక్టరు. మాంచెస్టరులో కలరా వార్డుల చుట్టూ తిరిగినవాడు. 1835లో బీదల చట్టం అధికారిగా నార్‌ఫక్, సఫక్ ప్రాంతాలకు వెళ్ళాడు. అక్కడొక బీదల శరణాలయంలో మాస్టారు జబ్బు పడితే, విలియం రష్ అనే పదమూడేళ్ళ కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే తరగతి నడిపిస్తున్నాడని ఆయన చెవిన పడింది. ఇలాంటి కుర్రాళ్ళను గాలికి వదిలెయ్యకుండా ఒక మంచి మాస్టారి దగ్గర పనివాడిగా పెడితే ఎలా ఉంటుంది? హాలండు వెళ్ళి అక్కడి బడులూ చూసొచ్చాడు. 1839లో ప్రభుత్వ విద్యా సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1840లో బాటర్సీలో సొంతంగా టీచర్ల శిక్షణ పాఠశాల తెరిచాడు, 1846లో అసలు పథకం తెచ్చాడు.

ఈ 1846 పథకం దగ్గర కాసేపు ఆగాలి. తర్వాత దాదాపు నూట ఎనభై ఏళ్ళ గొడవంతా ఇందులోనే ఉంది. పదమూడేళ్ళు నిండినవాళ్ళను ఐదేళ్ళ ఒడంబడికతో ఛాత్రోపాధ్యాయులుగా తీసుకుంటారు. మొదటి ఏడాది పది పౌండ్ల భత్యం, ఏటా పెరుగుతూ చివరి ఏటికి ఇరవై. ప్రతి ఏడూ ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు. గట్టెక్కినవాళ్ళు రాణిగారి స్కాలర్‌షిప్పుకు పోటీపడి ట్రైనింగ్ కాలేజీలో చేరవచ్చు. ఇంతవరకు ఎవరికైనా తోచేదే. కే అక్కడ ఆగలేదు. కుర్రవాడికి పని నేర్పినందుకు మాస్టారికి కూడా డబ్బివ్వాలన్నాడు. ఒకడికి నేర్పితే ఏడాదికి ఐదు పౌండ్లు, ఇద్దరికైతే తొమ్మిది, ఆపైన ఒక్కొక్కరికి మూడేసి. ఊరికే కాదు, బడి వేళలు కాకుండా విడిగా రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు చెప్పాలి.

అంటే పని నేర్పడం కూడా పనే అని, దానికి వేళ కావాలని, ఆ వేళకు ఖరీదుందని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసి ఒప్పుకుంది. ఈ కథలో అసలు ఆవిష్కరణ ఇదేనంటాను. మిగతావన్నీ దీన్ని నిలబెట్టుకోవడానికో వదిలించుకోవడానికో పడ్డ పాట్లు.

వదిలించుకోవడం ఎంతో దూరంలో లేదు. 1862లో రాబర్ట్ లో అనే ఆయన ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్న పద్ధతి తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు ముందు పిల్లలు చదివి, రాసి, లెక్క చేసి చూపిస్తేనే బడికి గ్రాంటు. మాస్టారికి, కుర్రవాడికి నేరుగా వచ్చే డబ్బు ఆగిపోయింది. ఎవరికెంతన్నది ఇక బడి యాజమాన్యంతో బేరమే. ఛాత్రోపాధ్యాయుల సంఖ్య చూస్తుండగానే పడిపోయింది. గ్రాంటు తెచ్చే లెక్కలు చెప్పించాల్సిన వేళలో పక్కవాడికి పాఠం చెప్పడం నేర్పుతూ కూర్చునే మాస్టారెవరు?

ఈ మధ్యలోనే పథకం సముద్రం దాటి మన వైపూ చూసింది. 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్, ఇంగ్లండులో ఉన్నట్టే ఇక్కడా ఛాత్రోపాధ్యాయులను పెట్టాలని, వాళ్ళకు చిన్న భత్యం, నేర్పే మాస్టారికి కొంత పైకం ఇవ్వాలని చెప్పింది. ఆ వెంటనే 1856లో మద్రాసులో నార్మల్ స్కూల్ వచ్చింది. స్కూలైతే నిలబడింది. మాస్టారికి పైకం అన్న ముక్క మాత్రం మన బడుల్లో వేళ్ళూనలేదు. వీధి బడి నుంచి ఎగ్మూరుకు, అక్కడి నుంచి లండన్‌కు వెళ్ళిన ఆలోచన తిరిగొచ్చేటప్పుడు తోడు తెచ్చుకున్న ఒకే ఒక్క మంచి సంగతి అది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి అంతటా కాలేజీ చదువు ముందుకొచ్చింది. పద్దెనిమిదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో కాలేజీలో చేరడం, విద్యా మనస్తత్వశాస్త్రం చదవడం, కొన్ని వారాలు టీచింగ్ ప్రాక్టీసు చెయ్యడం, పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరడం. పదమూడేళ్ళ పసివాడి మెడకు తరగతి తగిలించడం కన్నా ఇది మేలే, సందేహం లేదు. దాంతో ఒక ఖాళీ కూడా ఏర్పడింది. కాలేజీ తన పని అయిపోయిందనుకుంటుంది. బడేమో తర్ఫీదైన టీచరు వచ్చాడనుకుంటుంది. పట్టా చేతికొచ్చిన రోజుకు, పని చేతికొచ్చిన రోజుకు మధ్య కొత్త టీచరు ఎవరి మనిషీ కాడు.

ఈ పరిస్థితిని అమెరికా సామాజికశాస్త్రజ్ఞుడు డాన్ లార్టీ 1975లో ఒక పుస్తకంలో పరిశీలించాడు. తక్కిన వృత్తుల్లో బరువు మెల్లమెల్లగా పెరుగుతుంది. హౌస్ సర్జన్ వెనక పెద్ద డాక్టరుంటాడు, జూనియర్ వకీలు వెనక సీనియర్ ఉంటాడు. టీచరుకు మాత్రం మొదటి రోజు బరువూ ముప్ఫై ఏళ్ళ తర్వాతి బరువూ ఒకటే. పైగా తలుపేసుకుని చెప్పే పని. పక్క గదిలో ఏం జరుగుతోందో పక్క గది టీచరుకు తెలీదు. మన దగ్గరైతే ఇంకా విచిత్రం. ఎవరూ తీసుకోని తరగతి, అల్లరి సెక్షను, ఎన్నికల డ్యూటీ, ఆన్‌లైన్ ఎంట్రీలు, అన్నీ కొత్తవాళ్ళకే వస్తాయి. ఈత రానివాణ్ణి నూతిలో తోసి, తేలితే టీచరన్నట్టు.

ఇంగ్లండులో ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం 1972లో గట్టిగా మొదలైంది. యార్క్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ లార్డ్ జేమ్స్ అధ్యక్షతన వేసిన కమిటీ, టీచరు చదువును మూడు దశలుగా చూడాలంది. రెండో దశలో ఉద్యోగపు మొదటి ఏడు కూడా ఉండాలి. ఆ ఏడు కొత్త టీచరుకు పని వేళలో ఐదో వంతు ఖాళీ ఇవ్వాలి, ప్రతి బడిలోనూ ఒక వృత్తి గురువు ఉండాలి. ఏడాది చివర వచ్చిన ప్రభుత్వ శ్వేతపత్రం ఈ మాటను ఒప్పుకుంది. అప్పటి విద్యామంత్రి ఎవరనుకున్నారు? బడిపిల్లల పాలు మాన్పించిందని ఊరంతా తిట్టుకున్న మార్గరెట్ థాచర్.

1974లో లివర్‌పూల్ నగరంలో, నార్తంబర్లండ్ పల్లెల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. కొత్తవాళ్ళ పీరియడ్లు తగ్గించారు. గురువులుగా ఎంచుకున్న సీనియర్లకూ శిక్షణ ఇచ్చారు, వాళ్ళకూ కొంత వేళ ఇచ్చారు. ఈలోగా చమురు ధరలు ఆకాశానికి వెళ్ళాయి, ఖజానాలో కోతలు పడ్డాయి. దేశమంతటికీ పాకాల్సిన పథకం అక్కడే ఆగిపోయింది. ఎవరూ దాన్ని తప్పుబట్టలేదు, వద్దనలేదు. డబ్బుల్లేవన్నారు, అంతే. ప్రొబేషన్ అన్న పేరు మాత్రం మిగిలింది. 1992లో అదీ తీసేశారు.

అదే రోజుల్లో అమెరికాలో పని ఇంకో దారిలో సాగింది. ఒహాయో రాష్ట్రం టొలిడోలో టీచర్ల సంఘం నాయకుడు డాల్ లారెన్స్ 1981లో యాజమాన్యంతో ఒక ఒప్పందం కుదిర్చాడు. పేరున్న టీచర్లను కొన్నేళ్ళపాటు తరగతి నుంచి పూర్తిగా తప్పించి, కొత్తవాళ్ళ వెంట పెట్టారు. చేయూత వాళ్ళదే, ఈ మనిషి పనికొస్తాడా రాడా అన్న నివేదిక కూడా వాళ్ళదే. ఒక సంఘం తన వాళ్ళను తానే జల్లెడ పట్టడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన ఉపాధ్యాయ సంఘాల్లో ఈ మాట ఎత్తితే సభ సగంలోనే చెదిరిపోతుంది. 1988లో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఎలెన్ మోయిర్ మరో పద్ధతి మొదలుపెట్టారు. అక్కడా గురువులకు వేరే పని లేదు. వారం వారం కొత్త టీచరు తరగతికి వెళ్ళడం, చూడడం, తర్వాత కూర్చుని మాట్లాడడం.

ఇంతకీ ఆ మాటల్లో ఏం జరుగుతుంది? బయటివాళ్ళకు అదేదో ధైర్యం చెప్పే కార్యక్రమంలా కనిపిస్తుంది. మంచి గురువు దగ్గర అలా ఉండదు. మన బడి మాదిరిగానే ఊహించుకుందాం. ఐదో తరగతి, భిన్నాల పాఠం. గురువు వెనక బెంచీలో పావుగంట కూర్చుంది. ఆవిడ చేతిలో తరగతి పటం గీసిన ఒక కాగితం, అంతకన్నా ఏమీ లేదు. టీచరు ప్రశ్న అడిగినప్పుడల్లా జవాబు ఎవరు చెప్పారో అక్కడ ఒక టిక్కు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత ఎడముందో పక్కన ఒక అంకె.

లంచ్ బెల్లయ్యాక ఇద్దరూ కూర్చున్నారు.

“అరా, మూడో వంతా, ఏది పెద్దదని అడిగారు కదా మేడమ్. ఎవరు చెప్పారు?”

“అందరూ చెప్పారు మేడమ్. ఒక్కసారే అరిచారు.”

గురువు కాగితం అటు తిప్పింది. టిక్కులన్నీ ముందు వరసలో ముగ్గురి మీదే ఉన్నాయి. ఎడమ చేతి కిటికీ వైపు రెండు వరసలు ఖాళీ.

“వీళ్ళూ అరిచారా?”

కొత్త టీచరు కాసేపు మాట్లాడలేదు. “వాళ్ళకి రాదండి,” అంది చివరికి.

“వచ్చో రాదో తెలిసేలోగా మీరే చెప్పేశారు. సెకను కూడా ఆగలేదు. రేపు ఒకటే పని చేద్దాం. అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి. చెయ్యెత్తినవాణ్ణి కాకుండా మీరే ఒకణ్ణి పేరు పెట్టి పిలవండి. ఇంకేం మార్చొద్దు.”

ఈ ఆగడం సంగతి ఆషామాషీది కాదు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో వందలకొద్దీ సైన్సు పాఠాల టేపులు విని తేల్చిందేమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మించి ఆగరు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, తెలీదనడం తగ్గుతుంది, మామూలుగా నోరు మెదపని పిల్లలు మాట్లాడతారు. బీఎడ్‌లో ఇది చదవని వాళ్ళుండరు. చదివినది ఎదురుగా నలభై మంది ఉన్నప్పుడు చేతిలోకి రావాలంటే, నువ్వు ఆగలేదని చెప్పే మనిషి వెనక బెంచీలో ఉండాలి. తన మాట తనకే వినిపించని వృత్తి ఇది. పైగా ఆ మనిషి తనపై అధికారి కాకూడదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఎంఈఓ ముందు ఎవరూ తమకు రాని పాఠం చెప్పరు, బాగా వచ్చిన పాఠమే చెప్తారు. గురువు ముందు రానిది చెప్పగలిగితేనే ఆ గంటకు అర్థం. టొలిడో పద్ధతిలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ఇదే. చెయ్యి పట్టుకునేదీ మార్కులు వేసేదీ ఒకరే అయితే కొత్తవాడు ఎంతవరకు నోరు విప్పుతాడు? వాళ్ళకది నెగ్గిందంటారు. మన గడ్డ మీద నెగ్గుతుందని నేననుకోను.

ఇంగ్లండు 1999లో మళ్ళీ మొదలుపెట్టింది. మూడు టర్ముల ప్రవేశ కాలం, వారానికి పదో వంతు పీరియడ్ల తగ్గింపు, ఒక ట్యూటరు. ఐదో వంతు అడిగిన చోట పదో వంతు దక్కిందన్నమాట. స్కాట్లండు ఇంకొంచెం ముందుకు పోయింది. అక్కడ కొత్త టీచర్లు రెండేళ్ళ ప్రొబేషన్‌ను ఈ బడిలో మూడు వారాలు, ఆ బడిలో రెండు నెలలు అన్నట్టు బదిలీ కూలీల్లా పూర్తి చెయ్యాల్సి వచ్చేది. 2000లో మెక్రోన్ కమిటీ దీన్ని గట్టిగా మందలించింది. 2002 నుంచి చదువైన ప్రతి ఒక్కరికీ ఒకే బడిలో ఏడాది శిక్షణ ఉద్యోగం ఖాయం చేశారు. మొదట్లో తరగతి పని మామూలు టీచరుకన్నా దాదాపు ముప్ఫై శాతం తక్కువ. మిగతా వేళంతా నేర్చుకోవడానికే.

ఇంత ఖర్చు పెడితే ఫలితం ఉంటుందా అన్నది న్యాయమైన ప్రశ్న. అమెరికా విద్యాశాఖ ఒక పెద్ద పరీక్ష చేయించింది. 2005లో పదిహేడు జిల్లాల్లో బడులకు చీటీలు వేసినట్టు పంచి, కొన్నిటికి పూర్తి స్థాయి మెంటరింగ్, కొన్నిటికి ఎప్పుడూ ఉండేది ఇచ్చారు. మొదటి ఏడాదికి తేడా కనిపించలేదు. ఉద్యోగంలో నిలిచేవాళ్ళ సంఖ్య కూడా మారలేదు. మెంటరింగ్‌ను సమర్థించేవాళ్ళకు ఇది మింగుడుపడలేదు. అయితే రెండేళ్ళు సాయం అందిన చోట్ల మాత్రం, మూడో ఏడాది ఆ టీచర్ల పిల్లల మార్కులు పెరిగాయి. ఏడాదికి ఆపేస్తే పెట్టిందంతా పోయినట్టే, రెండేళ్ళుంటే తిరిగొస్తుంది. దాని మీద ఇంకా వాదనలున్నాయి గానీ, ఇంగ్లండు ఆ తర్వాత రెండేళ్ళ వైపే మొగ్గింది.

మొగ్గడానికి సొంత కారణమూ ఉంది. అక్కడ కొత్త టీచర్లలో ఐదుగురిలో ఒకరు రెండేళ్ళలోపు, ముగ్గురిలో ఒకరు ఐదేళ్ళలోపు ఉద్యోగం వదిలేస్తున్నారని 2019లో ప్రభుత్వమే చెప్పుకుంది. 2021 సెప్టెంబరు నుంచి ప్రతి కొత్త టీచరుకు రెండేళ్ళు: మొదటి ఏడు పదో వంతు తగ్గింపు, రెండో ఏడు ఇరవయ్యో వంతు, ఒక మెంటరు, నిర్ణీత పాఠ్యక్రమం. రాగానే ఫిర్యాదులూ వచ్చాయి. కాలేజీలో విన్నదే మళ్ళీ చెప్తున్నారన్నారు కొత్తవాళ్ళు. మాకు వేళేదీ అన్నారు మెంటర్లు. 2025 నుంచి కాలేజీ శిక్షణనూ దీన్నీ ఒకే చట్రంలోకి తెచ్చి కొంత సర్దారు. మెంటరు వేళ సంగతి ఇంకా నలుగుతూనే ఉంది. కే ఇచ్చిన ఐదు పౌండ్ల గొడవే ఇది.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. ఉద్యోగం వదిలేవాళ్ళు మనకు తక్కువ. ఏళ్ళ తరబడి డీఎస్సీ కోసం కోచింగ్ సెంటర్లలో మగ్గినవాడు రెండేళ్ళకు రాజీనామా చెయ్యడు. అందుకే కొత్త టీచరు బాధ మనకు సమస్యగా కనిపించదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనభైలలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లుగా చేరినవాళ్ళను అడిగితే, వాళ్ళకు గుర్తుండేది ఆ అంకే. పక్కనుండి పాఠం చూసి సరిదిద్దినవాళ్ళు కాదు. 2000 తర్వాత వచ్చిన అప్రెంటిస్ విధానం పేరుకు కే షటిల్‌వర్త్ పథకంలాగే ఉండేది. అందులో శిష్యుడికి తక్కువ జీతం ఉండేది, గురువు ఉండేవాడు కాదు. అప్రెంటిస్ అన్న పేరు నేర్పడానికి కాక జీతం తగ్గించడానికే అక్కరకొచ్చింది.

దానికన్నా ముందొక మంచి రోజు కూడా ఉంది. 1984లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని, టీచర్లు ఏపీపెప్ అనేవారు, గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కృత్యాల ద్వారా చెప్పడం, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టడం, ఊళ్ళో దొరికే వస్తువులతో నేర్పడం, పిల్లలు చేసినవి గోడలకు కట్టడం, ఇవాళ మనం మామూలనుకునేవన్నీ ప్రాథమిక బడుల్లోకి పెద్దయెత్తున వచ్చింది దానితోనే. అందులో నాకు నచ్చింది టీచర్స్ సెంటర్. చుట్టుపక్కల బడుల టీచర్లు ఏడాదికి కొన్నిసార్లు ఒక బడిలో కలుస్తారు. ఒకరు పాఠం చెప్తారు, మిగతావాళ్ళు చూస్తారు, తర్వాత మాట్లాడుకుంటారు. ఇంగ్లండులో అరవైలు, డెబ్బైలలో వందలుగా పుట్టిన టీచర్స్ సెంటర్లకు ఇవి చుట్టాలు. మండుటెండలో సైకిలు తొక్కుకుంటూ కత్తిరించిన అట్టముక్కల సంచీతో వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ వాటిని ప్రేమగా తలచుకుంటారు. 1996లో పథకం ముగిసింది. ఆ తీరు సమావేశాలు జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) లోకి, తర్వాత స్కూలు కాంప్లెక్సుల్లోకి వచ్చాయి. కాంప్లెక్సు అన్నది కొత్త మాటేం కాదు, హైస్కూలు చుట్టూ ప్రాథమిక బడులను కలపాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. అయితే ఇప్పుడు కాంప్లెక్సు మీటింగులో సగం వేళ సర్క్యులర్లకే పోతుంది. మోడల్ పాఠం ఎవరు చెప్తారనగానే గదిలో అందరూ ఫోన్లలోకి చూస్తారు.

ప్రొబేషన్ కూడా మనకుంది. నేరుగా నియమితులైనవాళ్ళకు మూడేళ్ళలో రెండేళ్ళ సర్వీసు. అది ప్రకటించాలంటే సర్టిఫికెట్లు నిజమైనవా, పోలీసు విచారణ అయిందా అని చూస్తారు. పాఠం ఎలా చెప్తున్నాడన్నది చూడాలని రాసి ఉన్నా, చూడడానికి మనిషి లేడు. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత జాతీయ మెంటరింగ్ మిషన్ అని మొదలైంది. 2022లో కొన్ని కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లో ప్రయోగంగా పెట్టారు. దాని చూపు ఎక్కువగా ఆన్‌లైన్ మీదే. తెర మీద చూసి సలహా చెప్పవచ్చు, కిటికీ వైపు రెండు వరసలు ఖాళీగా ఉన్నాయని కనిపెట్టడం కష్టం.

2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. ఎంపికైనవాళ్ళకు చేరేముందు కొన్ని రోజుల శిక్షణ ఇచ్చి పంపారు. వాళ్ళలో ఎంతోమంది ఏజెన్సీలోనో, మండల కేంద్రానికి దూరంగానో ఏకోపాధ్యాయ బడుల్లో చేరినవాళ్ళే ఉంటారు. అక్కడ సీనియరంటూ ఎవరూ ఉండరు. ఒక టీచరు సెలవు పెడితేనే పక్క బడి నుంచి మనిషిని సర్దాలి.

అందుకని ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కాంప్లెక్సులో ఐదుగురు కొత్త సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్‌జీటీలు) ఉన్నారనుకోండి. వారానికి ఒక్కొక్కరి తరగతిలో అరగంట చూడడం, ఆపైన అరగంట కూర్చుని మాట్లాడడం, ఊరికీ ఊరికీ మధ్య బండి మీద ప్రయాణం. అన్నీ కలిపి వారానికి రోజున్నర. మెంటరుగా వేసిన సీనియర్ టీచరుకు సొంత తరగతి ఉంది, నాలుగో తరగతో ఐదో తరగతో. ఆ రోజున్నర ఆ పిల్లలను ఎవరు చూడాలో, మెంటర్ల నియామకపు ఉత్తర్వులోనే ఒక పేరు ఉంటే ఆయన వెళ్తాడు. ఆ పేరు లేకపోతే నాలుగు వారాలు తిరిగేసరికి మెంటరింగ్ రిజిస్టర్‌లో సంతకాలు మాత్రం పూర్తయి ఉంటాయి.